రీమ్యాప్ చేయించిన కారుకి ఏ క్లచ్ వేయించాలి

"అన్నా, స్టేజ్ 2 క్లచ్ వేయించనా, స్టేజ్ 3 వేయించనా?" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి బలం పెంచడం) తర్వాత నీ కారు టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, ఎంత? చాలామంది దీనికి హార్స్‌పవర్ చెబుతారు, 180 వచ్చింది అన్నా, 200 వచ్చింది అన్నా అని. అది విని క్లచ్ ఎంచడం కుదరదు, క్లచ్ మోయాల్సింది టార్క్‌ని. ఇక స్టేజ్ అనే మాటకైతే ఎక్కడా ఒక కొలత అంటూ లేదు. ఒక కంపెనీ స్టేజ్ 2 అంటే గట్టి ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ని ఇంజిన్ ఫ్లైవీల్‌కి నొక్కి పట్టేది), మామూలు కార్లలో వచ్చే ఆర్గానిక్ లైనింగ్ క్లచ్ ప్లేట్. ఇంకో కంపెనీ అదే పేరుతో కెవ్లార్ ప్లేట్ అమ్ముతుంది, మూడో కంపెనీది ఒక పక్క ఆర్గానిక్, ఇంకో పక్క సెరామిక్. కాబట్టి డబ్బా మీద స్టేజ్ అంకె వదిలేసి, ఎన్ని న్యూటన్ మీటర్లు తట్టుకుంటుందో ఎక్కడైనా రాసిందా చూడండి, రాయకపోతే అడగండి, అడిగినా చెప్పకపోతే ఆ క్లచ్ వద్దు.

మన రోడ్ల మీద రీమ్యాప్‌తో బాగా కనపడే కారు ఒకటి పట్టుకుని మాట్లాడుకుందాం. 2013లో మన దగ్గరికి వచ్చిన ఆక్టేవియా 2.0 టిడిఐ, ఆరు గేర్ల మాన్యువల్. కంపెనీ లెక్క 143 పిఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), 320 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు). పార్ట్స్ ఏమీ మార్చకుండా ఒక్క సాఫ్ట్‌వేర్‌తోనే ఇలాంటి డీజిల్‌ని 180 పిఎస్, 400 ఎన్ఎం దగ్గరికి తీసుకెళ్తారు. ఇప్పుడు చిన్న లెక్క చూడండి. పిఎస్‌ని 7024తో గుణించి ఆర్‌పిఎంతో భాగిస్తే ఆ ఆర్‌పిఎం దగ్గర టార్క్ వస్తుంది. స్టాక్ కారు, అంటే రీమ్యాప్ చేయనిది, 4000 ఆర్‌పిఎం దగ్గర 143 పిఎస్ ఇస్తోందంటే అక్కడ టార్క్ 251 ఎన్ఎం మాత్రమే. రీమ్యాప్ చేశాక అదే చోట 180 పిఎస్ వచ్చినా 316. అంటే పవర్ పీక్ దగ్గర రీమ్యాప్ కారు క్లచ్ మీద పడే భారం, స్టాక్ కారు 1750 దగ్గర వేసే 320 కంటే ఎక్కువేం కాదు! అసలు దెబ్బ కింద తగులుతుంది, 2000 చుట్టుపక్కల 400 ఎన్ఎం వచ్చి పడే చోట. అందుకే ఈ కార్లలో క్లచ్ మొదట స్లిప్ అయ్యేది, అంటే పట్టలేక జారేది, ఓఆర్ఆర్ మీద ఐదో గేర్లోనో ఆరో గేర్లోనో వెళ్తూ, ముందున్న లారీని దాటుదామని గేర్ తగ్గించకుండా యాక్సిలరేటర్ మొత్తం తొక్కినప్పుడు. రెండో గేర్లో అయితే కారు తేలిగ్గా లాగేస్తుంది, ఆర్‌పిఎం ఆ టార్క్ ఉన్న చోటుని క్షణాల్లో దాటేస్తుంది. పై గేర్లో ఇంజిన్ అక్కడే కొన్ని సెకన్లు కూర్చుంటుంది, టర్బోకి ఫుల్ బూస్ట్ కట్టడానికి కావలసినంత టైమ్ దొరుకుతుంది, క్లచ్ ఆ సెకన్లన్నీ మోయాలి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇదే కథ గోల్ఫ్ జిటిఐలో కనపడుతుంది, ఏడో తరం మాన్యువల్ కారు, స్టాక్‌లో 258 పౌండ్-ఫుట్, అంటే 350 ఎన్ఎం. సాఫ్ట్‌వేర్ వేయించగానే క్లచ్ స్లిప్ అవుతోందని అందరూ మొత్తుకునే కారు అది. 2017 నుంచి వచ్చిన టర్బో సివిక్ ఎస్ఐ కూడా అదే దారి. అక్కడి క్లచ్‌లకి పౌండ్-ఫుట్‌లో రాస్తారు, 1.356తో గుణిస్తే ఎన్ఎం వస్తుంది. ఇది చూసుకోకుండా 300 అని రాసి ఉంది, నా కారు 400 కదా సరిపోదు అనుకుని వదిలేసినవాళ్ళూ ఉన్నారు. 300 పౌండ్-ఫుట్ అంటే 407 ఎన్ఎం. అలాగని 400 ఎన్ఎం కారుకి 407 క్లచ్ సరిపోతుందా అంటే అదీ కాదు, ఎందుకో కింద చెబుతాను.

ముందు నిజంగా స్లిప్పేనా చూసుకోండి

ఓబిడి డాంగిల్ (కారు డయాగ్నస్టిక్ సాకెట్‌కి పెట్టేది) ఒకటి, ఫోన్లో డేటా రికార్డ్ చేసే యాప్ ఒకటి చాలు. ఖాళీగా ఉన్న రోడ్డు మీద, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, నాలుగో గేర్లో 1700 దగ్గర నుంచి యాక్సిలరేటర్ మొత్తం తొక్కి 3000 దాకా లాగండి, ఫోన్ వైపు చూడొద్దు, రికార్డ్ అవనీయండి, స్పీడ్ లిమిట్ దాటాల్సిన అవసరమూ లేదు. ఇంటికొచ్చాక ప్రతి వరసలో ఆర్‌పిఎంని స్పీడ్‌తో భాగించండి. ఒకే గేర్లో ఉన్నంతసేపు ఆ అంకె మారకూడదు. 2000 దగ్గర 64 కిలోమీటర్లు ఉంటే 31.25 వస్తుంది, 2600 దగ్గర 83 ఉంటే మళ్ళీ 31.3, అంటే క్లచ్ పట్టుకునే ఉంది. 2600 దగ్గర 76 మాత్రమే కనపడితే 34 దాటింది, మధ్యలో తేడా అంతా క్లచ్ ప్లేట్ మీద వేడిగా పోయింది. చవక డాంగిల్స్‌లో స్పీడ్ కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఒక్క వరస చూసి టెన్షన్ పడకండి, వరసగా నాలుగైదు చోట్ల అంకె పెరుగుతూ పోయి, కాలు తీయగానే మళ్ళీ 31కి వచ్చిందా అన్నది చూడండి. ముందు టైర్లు తిరిగినా ఆర్‌పిఎం ఒక్కసారిగా లేస్తుంది, అందుకే ఈ పరీక్ష రెండో గేర్లో కాకుండా నాలుగో గేర్లో చేయమన్నది.

స్లిప్ అని తేలిందనుకోండి, తర్వాత ప్రశ్న, పాత క్లచ్ ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? లక్ష దాటిన క్లచ్ 400 ఎన్ఎం దగ్గర వదిలేసిందంటే ఆ క్లచ్ బలహీనమని కాదు, దాని వయసు అయిపోయిందంతే, అది రీమ్యాప్ లేకపోయినా ఇంకో ఏడాదిలో పోయేదే. ఆయిల్ లీకు కూడా చూడాలి. క్రాంక్ వెనక సీల్ కారినా, గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ కారినా ప్లేట్ మీద ఆయిల్ పడుతుంది, ఆ లీకు ఆపకుండా ఎంత ఖరీదైన క్లచ్ వేసినా వారం రోజుల ముచ్చటే.

ఇంకో దారి ఉంది, దాన్ని చాలామంది ఎందుకో అవమానంగా చూస్తారు. ట్యూనర్ దగ్గరికి వెళ్ళి, పై పవర్ అలాగే ఉంచి కింద టార్క్ తగ్గించమని అడగడం. 1800 దగ్గర 400కి ఎగబాకే గ్రాఫ్‌ని 360 దగ్గర ఆపి, 3500 దాకా సమంగా లాగితే 180 పిఎస్ ఎక్కడికీ పోదు, క్లచ్ మీద 40 ఎన్ఎం తగ్గుతుంది, కారు నడపడానికి కూడా హాయిగా ఉంటుంది. స్టాక్ క్లచ్ ఇంకా మంచి కండిషన్లో ఉన్నవాళ్ళకి నా ఓటు దీనికే. మంచి ట్యూనర్ అయితే గేర్‌ని బట్టి టార్క్ పరిమితి పెట్టగలడా అని కూడా అడగండి, కొన్ని ఇసియుల్లో (ఇంజిన్ కంప్యూటర్లలో) కుదురుతుంది.

క్లచ్ ఎంత మోస్తుందో లెక్క

ఈ లెక్క ఒక్కటి అర్థమైతే కేటలాగ్ చదవడం వచ్చేస్తుంది. క్లచ్ మోయగల టార్క్ నాలుగు అంకెలని గుణిస్తే వస్తుంది. రాపిడి జరిగే ముఖాలు ఎన్ని, ఒక ప్లేట్‌కి రెండు. మెటీరియల్ పట్టు, ఆర్గానిక్‌కి 0.28 అనుకుందాం. ప్రెషర్ ప్లేట్ ఎంత బలంగా నొక్కుతోంది. ప్లేట్ సగటు వ్యాసార్ధం.

ఇవి ఏ కారువీ కావు, లెక్క తేలిగ్గా ఉండడానికి తీసుకున్న అంకెలు: ప్లేట్ బయట 240 మిల్లీమీటర్లు, లోపల 160, సగటు వ్యాసార్ధం 100 మిల్లీమీటర్లు అంటే 0.1 మీటరు. నొక్కే బలం 7000 న్యూటన్లు, మోటుగా చెప్పాలంటే 700 కిలోల బరువు. 2 × 0.28 × 7000 × 0.1 = 392 ఎన్ఎం. 320 ఇచ్చే స్టాక్ ఇంజిన్‌కి ఇది బాగానే సరిపోతుంది, 400కి సరిపోదు. ఇప్పుడు అదే ప్లేట్ వేడెక్కి పట్టు 0.22కి పడిపోయిందనుకోండి, లెక్క 308కి వచ్చేస్తుంది. అంటే స్టాక్ టార్క్‌కి కూడా చాలదు. ఒకసారి స్లిప్ మొదలైతే ఆ వేడికి పట్టు తగ్గి, తగ్గిన పట్టుకి ఇంకా స్లిప్ అయ్యి, ఒక్క సాయంత్రంలోనే ప్లేట్ కాలిపోయేది ఇందుకే. 407 క్లచ్ 400 కారుకి చాలదన్నదీ ఇందుకే. ఇంజిన్ ఇచ్చే పీక్ టార్క్ కంటే 25 శాతం పైన ఉండాలి, 400 అయితే 500. ఘాట్ రోడ్ల మీద ఎక్కువ తిరిగేవాళ్ళు, కారు నిండా జనం, డిక్కీ నిండా సామాను వేసుకుని వెళ్ళేవాళ్ళు 30 శాతం చూసుకోండి. అంతకంటే పైకి పోతే డబ్బు దండగ, పైగా నడపడం నరకం.

మీ అంకె ఎక్కడిదన్నది కూడా ముఖ్యం. డైనో (కారు బలం కొలిచే మెషీన్) చూపించేది చక్రాల దగ్గర కొలిచిన టార్క్ అయితే, ఇంజిన్ దగ్గర ఇంకా ఎక్కువ ఉంటుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకి 15 శాతం నష్టం వేసుకుంటే, చక్రాల దగ్గర 340 అంటే ఇంజిన్ దగ్గర 400. క్లచ్ కంపెనీ రాసింది దేనికన్నది ఈమెయిల్ పెట్టి అడగండి.

392ని 500 దాటించాలంటే దారులు మూడు, మీరు కొనే ప్రతి క్లచ్ వీటిలో ఏదో ఒకటి, లేదా రెండు కలిపింది.

మొదటిది నొక్కే బలం పెంచడం. 30 శాతం గట్టి డయాఫ్రమ్ (నొక్కే స్ప్రింగు) ఉన్న ప్రెషర్ ప్లేట్ వేస్తే, అదే ఆర్గానిక్ ప్లేట్‌తో 510 వచ్చేస్తుంది. క్లచ్ వదిలే తీరు స్టాక్‌లాగానే మెత్తగా ఉంటుంది, వణుకు రాదు, కాలిన వాసన రాదు. ఖర్చు ఎక్కడ పెడతారంటే మీ ఎడమ మోకాలి మీద. పెడల్ బరువెక్కుతుంది. ఓఆర్ఆర్ మీద తెలీదు, సాయంత్రం ఆరింటికి మాదాపూర్ నుంచి కూకట్‌పల్లి వెళ్ళేటప్పుడు తెలుస్తుంది. ఆ బలం అంతా రిలీజ్ బేరింగ్ మీద, స్లేవ్ సిలిండర్ మీద, చివరికి క్రాంక్ షాఫ్ట్ థ్రస్ట్ బేరింగ్ మీద కూడా పడుతుంది. అందుకే గట్టి ప్రెషర్ ప్లేట్ ఉన్నవాళ్ళు సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి పట్టుకుని కూర్చోకుండా న్యూట్రల్ చేసుకోవాలి. 30 శాతం దాకా ఫర్వాలేదు, 60, 70 శాతం పెంచిన ప్రెషర్ ప్లేట్లు కూడా అమ్ముతారు, రోజూ నడిపే కారుకి వాటి జోలికి పోవద్దు.

రెండోది మెటీరియల్ మార్చడం. పట్టు 0.28 నుంచి 0.36కి పెంచితే, పెడల్ బరువు ఏమీ మారకుండా 504 వస్తుంది. కాగితం మీద ఇదే అన్నిటికంటే బాగుంటుంది, రోడ్డు మీదే తిరకాసు. సెరామిక్ మెటీరియల్ మామూలుగా నిండు ప్లేట్ గా రాదు, పక్ అని పిలిచే ముక్కలుగా వస్తుంది, మూడు, నాలుగు, ఆరు ముక్కలు. విపరీతమైన వేడి తట్టుకుంటుంది. కానీ హాఫ్ క్లచ్ అనేది దాదాపు ఉండదు, లైట్ స్విచ్ లాగా పట్టిందంటే పట్టింది, వదిలిందంటే వదిలింది. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్లో అడుగు అడుగు కదిలేటప్పుడు కారు గంతులేస్తుంది, అలిపిరి చెకింగ్ లైన్లో ఎత్తు మీద ఆగి ఆగి కదలాల్సి వస్తే వెనక కారువాడు మీరు కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటున్నారనుకుంటాడు. ఫ్లైవీల్ ముఖాన్ని కూడా త్వరగా తినేస్తుంది. ఆరు ముక్కలది, మధ్యలో స్ప్రింగులు ఉన్నది కొంత నయం, మూడు ముక్కలది, స్ప్రింగులు లేనిది పూర్తిగా ట్రాక్ సరుకు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి కారుని ట్రక్కు మీద తీసుకెళ్ళి తెచ్చుకునేవాళ్ళకి అది, ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి కాదు.

కెవ్లార్ మధ్యలో ఉంటుంది. మెత్తగా పడుతుంది, చాలాకాలం వస్తుంది, ఫ్లైవీల్‌ని తినదు. దాని బలహీనత ఏంటంటే సెట్ అవ్వడానికి చాలా కిలోమీటర్లు పడుతుంది, ఆలోపు తొందరపడి ఒక్కసారి గట్టిగా స్లిప్ చేస్తే ముఖం గాజులా నున్నగా అయిపోయి మళ్ళీ పట్టు రాదు. ఎత్తు మీద బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్‌తోనే కారుని నిలబెట్టే అలవాటు ఉన్నవాళ్ళు దీన్ని తీసుకోవద్దు. ఆ అలవాటు ఉన్నవాళ్ళు ఏ క్లచ్ తీసుకున్నా ఒకటే అనుకోండి.

మూడోది ప్లేట్లు రెండు చేయడం. ముఖాలు నాలుగవుతాయి, 7000 న్యూటన్లతోనే 784 ఎన్ఎం. పెడల్ తేలిగ్గా ఉంటుంది, మెటీరియల్ కూడా ఆర్గానిక్ వాడుకోవచ్చు. మరి అందరూ ఇదే ఎందుకు వేయించరంటే ధర, ఆ తర్వాత శబ్దం. రెండు ప్లేట్ల మధ్య తేలే ఇనుప ప్లేట్ ఉంటుంది, క్లచ్ తొక్కినప్పుడు అది గలగలమంటుంది, తెలీనివాళ్ళు బేరింగ్ పోయిందనుకుంటారు. 500 ఎన్ఎం దాటిన కార్లకి, పెద్ద టర్బో వేసినవాళ్ళకి ఇదే సరైన దారి. 400 ఆక్టేవియాకి అవసరం లేదు.

కాబట్టి మన కారుకి, అంటే 400 ఎన్ఎం, రోజూ ఆఫీసు, నెలకోసారి శ్రీశైలమో అరకో, ఏడాదికోసారి ట్రాక్, నేను చెప్పేది ఒక్కటే. నిండు ఆర్గానిక్ ప్లేట్, మధ్యలో స్ప్రింగులు ఉన్నది, పాతిక ముప్పై శాతం గట్టి ప్రెషర్ ప్లేట్. వినడానికి చప్పగా ఉంటుంది, ఫోటో పెట్టి చూపించుకోవడానికి ఏమీ ఉండదు. సాక్స్ పెర్ఫార్మెన్స్ లాంటి కంపెనీలు ఈ రకం చేస్తాయి, సౌత్ బెండ్, క్లచ్ మాస్టర్స్ లాంటి అమెరికా కంపెనీల దగ్గరా మెత్తటి నుంచి కటువు దాకా వరసగా ఉంటాయి, వాటిలో మీ అంకెకి సరిపోయే అతి మెత్తటిది తీసుకోండి.

ఫ్లైవీల్ సంగతి

క్లచ్ కంటే ఎక్కువ గొడవ ఇక్కడ ఉంది. ఈ డీజిల్స్‌లో వచ్చేది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్, రెండు చక్రాలు, మధ్యలో వంపు తిరిగిన పొడవాటి స్ప్రింగులు. డీజిల్ ఇంజిన్ కొట్టే ప్రతి దెబ్బనీ ఆ స్ప్రింగులు మింగి గేర్ బాక్స్‌కి సాఫీగా పంపిస్తాయి. రీమ్యాప్ టార్క్‌కి ఇవీ అలిసిపోతాయి, ముఖ్యంగా 1300, 1400 ఆర్‌పిఎం దగ్గర ఆరో గేర్లో ఫుల్‌గా తొక్కేవాళ్ళ కార్లలో. స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయి ఇనుము ఇనుమునే కొడుతుంది. గేర్ బాక్స్ దించినప్పుడు ఫ్లైవీల్ వెనక చక్రాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి ఎంత ఆడుతోందో, పైకి కిందకి ఊగుతోందో చూసి కంపెనీ ఇచ్చిన పరిమితితో పోల్చాలి. గ్రీజు బయటికి కక్కి ఉన్నా, ముఖం మీద నీలం మచ్చలు ఉన్నా మార్చేయండి. చాలా కార్లలో దీని ఖర్చు క్లచ్ సెట్ కంటే ఎక్కువ, అయినా గేర్ బాక్స్ రెండుసార్లు దించే కూలీ కంటే ఇదే నయం.

సింగిల్ మాస్ ఫ్లైవీల్‌కి మారితే? పోయే స్ప్రింగులే ఉండవు, తేలిగ్గా ఉంటుంది, మళ్ళీ లేత్ మీద ఫేసింగ్ చేయించుకోవచ్చు. పెట్రోల్ కార్లలో, అదీ కొంత శబ్దం భరించగలిగితే, తప్పు లేదు. డీజిల్‌లో నేను వద్దంటాను. ఐడిల్లో క్లచ్ వదిలి న్యూట్రల్లో ఉంటే గేర్ బాక్స్ రాళ్ళు పోసినట్టు మోగుతుంది, క్లచ్ తొక్కితే ఆగిపోతుంది. ఆ మోత వినడానికే కాదు, అప్పటిదాకా స్ప్రింగులు మింగిన దెబ్బలు ఇప్పుడు గేర్ పళ్ళ మీద పడుతున్నాయని అర్థం. అయినా మార్చాలనుకుంటే, మధ్యలో గట్టి స్ప్రింగులు ఉన్న క్లచ్ ప్లేట్ మాత్రమే వేయండి, బాగా తేలికైన అల్యూమినియం ఫ్లైవీల్ వద్దు, తేలికైన కొద్దీ మోత పెరుగుతుంది.

డిఎస్‌జి (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్ బాక్స్) ఉన్నవాళ్ళకి ఇదంతా ఇలాగే వర్తించదు. పోలో జిటి టిఎస్ఐలో వచ్చిన ఏడు గేర్ల డ్రై క్లచ్ డిఎస్‌జికి కంపెనీ పరిమితి 250 ఎన్ఎం, ఆరు గేర్ల వెట్ క్లచ్ దానికి 350. అక్కడ క్లచ్‌తో పాటు గేర్ బాక్స్ సాఫ్ట్‌వేర్ కూడా చూడాలి, అది వేరే కథ.

కొనేటప్పుడు

కారు పేరు చెప్పి క్లచ్ కొనొద్దు. ఒకే పేరుతో రెండు మూడు ఇంజిన్లు, రెండు మూడు గేర్ బాక్సులు ఉంటాయి. ఇంజిన్ కోడ్, గేర్ బాక్స్ కోడ్, ప్లేట్ వ్యాసం, ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ళ లెక్క, ఏ ఫ్లైవీల్‌తో కూర్చుంటుంది, ఈ ఐదూ సరిపోవాలి. బయటి దేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్, జిఎస్‌టి కలుపుకుని చూడండి, సైట్లో ధర చూసి మురిసిపోవద్దు. డల్లాస్ నుంచి వచ్చే బావమరిది సూట్‌కేసులో తెప్పించుకునే ఆలోచన ఉంటే, ఫ్లైవీల్‌తో కలిపి సెట్టు బరువుకి అతని ఒక బ్యాగ్ మొత్తం పోతుందని ముందే చెప్పండి, పిల్లల చాక్లెట్లు తగ్గితే వాళ్ళక్క మాటలు మీరే పడాలి.

విజయవాడ ఆటోనగర్లోనో రాణిగంజ్‌లోనో పాత ప్లేట్‌కే గట్టి లైనింగ్ వేయించుకుందాం, సగం ధరకి అయిపోతుంది అనే ఆలోచన చాలామందికి వస్తుంది. లారీలకి, ట్రాక్టర్లకి ఆ పని చేసే చేతులు అక్కడ నిజంగా గొప్పవి. కానీ లారీ ఇంజిన్ తిరిగే వేగం వేరు, కారు ఇంజిన్ తిరిగే వేగం వేరు. లైనింగ్‌ని బయటికి లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, రెట్టింపు ఆర్‌పిఎంకి నాలుగు రెట్లు. రివెట్ ఊడి లైనింగ్ ముక్కలైతే బెల్ హౌసింగ్ లోపల ఏం మిగలదు. పైగా రెండు లైనింగుల మధ్య ఉండే అలలాంటి పల్చటి స్ప్రింగు రేకు, క్లచ్ మెత్తగా పట్టేలా చేసేది, అది అలిసిపోయి ఉంటే కొత్త లైనింగ్ వేసినా జర్కులు పోవు. దీనికి మాత్రం పొదుపు వద్దు.

వారంటీలో ఉన్న కారయితే రీమ్యాప్ తర్వాత క్లచ్, గేర్ బాక్స్ క్లెయిమ్ మీద ఆశ పెట్టుకోకండి.

బిగించేటప్పుడు మెకానిక్ పక్కన నిలబడి చూడాల్సినవి

గేర్ బాక్స్ దించడమే పెద్ద పని, కాబట్టి దించినప్పుడే రిలీజ్ బేరింగ్, లోపల ఉండే రకం అయితే స్లేవ్ సిలిండర్, క్రాంక్ వెనక సీల్ అన్నీ చూసి, అనుమానం ఉంటే మార్చేయండి. ఫ్లైవీల్ బోల్టులు చాలా కార్లలో ఒకసారి వాడేవే, సాగేలా చేసినవి, పాతవి మళ్ళీ బిగిస్తానంటే ఒప్పుకోవద్దు. కొత్త ఫ్లైవీల్ ముఖం మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. క్లచ్ ప్లేట్ మీద ఏ పక్క గేర్ బాక్స్ వైపు ఉండాలో రాసి ఉంటుంది, తిరగేసి బిగించారంటే క్లచ్ విడవదు, మళ్ళీ మొత్తం దించాల్సిందే. ప్లేట్‌ని సెంటర్ చేశాకే ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. స్టాక్ రకం సెల్ఫ్ అడ్జస్టింగ్ ప్రెషర్ ప్లేట్ అయితే దానికి ప్రత్యేకమైన టూల్ కావాలి, అది లేకుండా బోల్టులతో లాగి బిగిస్తే లోపలి అడ్జస్టర్ జరిగిపోతుంది. ఆ టూల్ ఉందా అని పని ఒప్పుకునే ముందే అడగండి. షాఫ్ట్ పళ్ళకి గ్రీజు పల్చగా, తుడిచేసినట్టు ఉండాలి, ప్రేమగా దట్టించారంటే అది ఎగిరి ప్లేట్ మీద పడుతుంది. చివరిగా కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ పోసి గాలి పూర్తిగా తీయించండి, పెడల్ కింద దాకా పోతోందంటే గాలి మిగిలిందనే.

కొత్త క్లచ్‌కి మొదటి 800 కిలోమీటర్లు సిటీలోనే తిప్పండి, హైవే మీద ఒక ట్రిప్‌లో 800 కొట్టేస్తే లెక్కలోకి రాదు, క్లచ్ పట్టి వదిలే పని జరగాలి. ఆర్గానిక్‌కి ఇది చాలు, కెవ్లార్‌కి దీనికి రెట్టింపు వేసుకోండి. ఆ రోజుల్లో ఫుల్ యాక్సిలరేటర్ వద్దు, ఎత్తు మీద హాఫ్ క్లచ్ వద్దు, ఫ్రెండ్స్‌కి పికప్ చూపించడం అసలే వద్దు. ట్యూనర్ దగ్గర స్టాక్ మ్యాప్ ఉంటే ఈ 800 కిలోమీటర్లకీ అది వేయించుకుని తిరగడం ఇంకా మంచిది, చాలామంది ఉచితంగానే మారుస్తారు. మొదటి రెండు మూడు రోజులు కాస్త వాసన, కాస్త వణుకు ఉంటే కంగారు పడకండి. రెండు వారాలైనా వణుకు తగ్గకపోతే మాత్రం మెకానిక్ దగ్గరికి వెళ్ళండి, ఆయిల్ పడిందో, ఫ్లైవీల్ ముఖం సమంగా లేదో, ఇంజిన్ మౌంట్ పోయిందో.

800 అయ్యాక రీమ్యాప్ మళ్ళీ వేసుకుని, పాత క్లచ్‌తో చేసిన అదే రోడ్డు మీద అదే నాలుగో గేర్ పరీక్ష చేయండి, తర్వాత ఐదో గేర్లో ఒకసారి. 31 చుట్టూనే నిలబడిందంటే పని అయిపోయింది. ఆ ఫైల్ ఫోన్లో దాచుకోండి, మళ్ళీ ఎప్పుడైనా అనుమానం వస్తే పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.